చిలకలో ప్రాణం

బాలనాగమ్మ కథ చెబుతుంటే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మాయల ఫకీరు అంతటి మంత్రగాడు కదా, ప్రాణం దాచుకోవడానికి చిలకే దొరికిందా? కొండ ఉంది, బండ ఉంది, సముద్రం అడుగున కావలసినంత చోటుంది. మెడ నులిమితే పోయే పిట్టలో పెట్టుకోవడమేమిటి? కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు అని పెద్దలు ఆ ప్రశ్నను దాటేస్తారు. దాటెయ్యవలసిన ప్రశ్న కాదది. నాకు తెలిసినంతలో ఆ కథ మొత్తం ఆ ఒక్క ప్రశ్న కోసమే పుట్టింది.

బుర్రకథల్లో విన్నవాళ్లకూ, 1942లో జెమినీవాళ్లు తీసిన సినిమాలో కాంచనమాలనూ ఫకీరే అయిన మాయల మరాఠీ వేషంలో గోవిందరాజుల సుబ్బారావునూ చూసినవాళ్లకూ ఇది మన ఇంటి కథ. నిజానికి దీనికి ఊరూ పేరూ ఒకటి కాదు. మేరీ ఫ్రియర్ అనే ఇంగ్లీషు యువతి తమ ఇంట్లో పనిచేసిన ఆయా అన్నా లిబెరాటా డిసౌజా చెప్పిన కథలను 1868లో ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ పేరుతో అచ్చు వేయించింది. అందులో మాంత్రికుడు పంచ్‌కిన్, చెరలో ఉన్న రాకుమారి బాల్నా. భర్త రాయైపోయాడు, కొడుకు పెరిగి తల్లిని వెతుక్కుంటూ వచ్చాడు, మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. కుర్రవాడు చిలక కుడిరెక్క పీకితే అక్కడ మాంత్రికుడి కుడిచెయ్యి ఊడిపడుతుంది. పేరు కూడా మనదే, కాస్త నలిగింది అంతే. ఫ్రేజర్ తన ‘గోల్డెన్ బౌ’లో ఒంటి బయట దాచిన ప్రాణాల గురించి రాస్తూ ఈ పంచ్‌కిన్‌ను తలుచుకున్నాడు. రష్యా కథల్లో కొష్చేయ్ అనే చావులేని ముసలివాడి చావు సూదిమొనలో ఉంటుంది. సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో. ఇంకా వెనక్కి వెళితే ఈజిప్టు. ఇద్దరు అన్నదమ్ముల కథలో బాటా అనేవాడు తన గుండెను చెట్టు పువ్వు మీద పెడతాడు. ఆ కథ రాసిన పపైరస్ వయసు 3,000 ఏళ్ల పైమాటే.

జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1958లో ఒక పాఠకురాలికి రాసిన ఉత్తరంలో తన నవలలోని ఉంగరం ఈ వంశంలోదేనని ఒప్పుకున్నాడు. ప్రాణాన్నో శక్తినో బయటి వస్తువులో పెట్టుకోవడం, అది ఇంకొకరి చేత చిక్కితే తాను చెడిపోవడం అన్న పాత కథకు, నవలలోని దుష్టుడు సౌరాన్ ఉంగరం ఒక రూపం అని ఆ మాటల సారం. అంటే ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మూడు సంపుటాలూ అరిగేలా చదివిన కుర్రవాడూ, అరుగు మీద బాలనాగమ్మ కథ విన్న వాళ్ల తాతమ్మా ఒకే కథ విన్నారు. ఈ సంగతి ఇద్దరికీ తెలియదు.

ఫ్యాంటసీ నవలల అభిమానులది వింత భక్తి. ఇతర నవలలు చదివి పక్కన పెడతారు. వీటిని పారాయణ చేస్తారు. సినిమాలో మాంత్రికుడు సారుమాన్ వేషం కట్టిన నటుడు క్రిస్టఫర్ లీ టోల్కీన్ నవలను ఏటేటా మళ్లీ చదివేవాడినని చెప్పుకునేవాడు. మన దగ్గర 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన సీరియళ్లను, చిత్ర గీసిన బొమ్మలతో సహా పేజీలు కత్తిరించి బైండు చేయించుకున్న ఇళ్లున్నాయి. ఆ బైండు పుస్తకాన్ని ఎరువు అడిగితే ఇంటాయన ముఖం ఎలా మారుతుందో చూడాలి. తన చదువు మీద ఎవరైనా తేలిగ్గా ఒక మాట అంటే, మంత్రాలకు చింతకాయలు రాలే కథలేమిటి అంటే, ఆ రోజుకి అన్నం సయించదు. పుస్తకాన్ని అంటే తనను అన్నట్టే.

అదుగో, చిలక రెక్క అక్కడే ఉంది.

శంకరులు బ్రహ్మసూత్ర భాష్యానికి ముందు రాసిన అధ్యాస ప్రకరణంలో, లోకంలో అందరూ చేసే పొరపాటును చెప్పడానికి తీసుకున్న మొదటి ఉదాహరణ గుర్తు చేసుకోండి. కొడుకుకో భార్యకో లోటు వస్తే నాకే లోటు వచ్చిందనుకుంటాడు మనిషి. వాళ్లు నిండుగా ఉంటే నేనే నిండుగా ఉన్నాననుకుంటాడు. ఆ తర్వాతే ఆయన దేహం దగ్గరికి, ఇంద్రియాల దగ్గరికి, మనస్సు దగ్గరికి లోపలికి వస్తారు. లావువాణ్ణి, గుడ్డివాణ్ణి, నాకు కోరిక పుట్టింది — ఇవన్నీ ఆ వరుసలోవే. అంటే శరీరమే నేననుకోవడం కన్నా ముందు, శరీరానికి ఆవల ఉన్నదాన్ని నేననుకోవడాన్ని భాష్యకారులు ఎదుట పెట్టారు. అక్కడ రెక్క తెగితే ఇక్కడ చెయ్యి ఊడటం జానపదుడి అతిశయోక్తిగా కనిపిస్తుంది గానీ, షేరు పడితే మంచం పట్టేవాళ్లు, కొడుకు ర్యాంకు తగ్గితే నలుగురిలోకి రావడం మానేసేవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. వాళ్లను శాస్త్రం ఎలా వర్ణిస్తుందో జానపదుడూ అలాగే వర్ణించాడు.

పిల్లల ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఫకీరు చావుకు భయపడి ప్రాణాన్ని దూరం పెట్టాడు. బయట పెట్టిన ప్రాణం ఏ వస్తువులో పెట్టినా చిలకే అవుతుంది, ఎందుకంటే నశించని వస్తువు బయట లేదు. కొండలో పెడితే కొండకు గనివాడు వస్తాడు. ఫకీరు తెలివితక్కువవాడు కాడు. వాడి ముందు ఉన్నవన్నీ చిలకలే. రౌలింగ్ తన హ్యారీ పోటర్ నవలల్లో, అంటే 1997కూ 2007కూ మధ్య, ఇదే కిటుకును గుణించి చూపింది. అందులోని దుష్టుడు వోల్డెమార్ట్ ఒక చిలకను నమ్మడు. ఉంగరం, లాకెట్, పాత్ర, కిరీటం అంటూ ఆత్మను ముక్కలు చేసి పంచుతాడు. ప్రతి ముక్కకూ ఒక హత్య ఖర్చు. ఇన్ని చోట్ల డిపాజిట్లు చేసినవాడికి చివరికి తన దగ్గర మిగిలిందేమిటో రచయిత్రి దాచకుండా చూపించింది.

కానీ ఈ విషయంలో నాకు గురువు, టోల్కీన్ ఉంగరానికి బానిసైన గోలమ్. సౌరాన్ తెలిసి పెట్టుకున్నాడు, వోల్డెమార్ట్ లెక్కలు వేసి పెట్టుకున్నాడు. గోలమ్‌కు మాత్రం తన ప్రాణం ఎప్పుడు చేజారిందో తెలియదు. మన కథ అదే. దాదాపు 500 ఏళ్లు కొండ అడుగున, చీకటి నీటి మధ్య రాతి మీద కూర్చుని, మాట్లాడేందుకు ఇంకొకరు లేక, వాడు తనతో తానే మాట్లాడుకుంటాడు. తనను తాను ఏ ముద్దుపేరుతో పిలుచుకుంటాడో, ఉంగరాన్నీ ఆ పేరుతోనే పిలుస్తాడు. వాడి మాటల్లో ఎక్కడ తాను ఆగి ఎక్కడ ఉంగరం మొదలవుతుందో పాఠకుడు పట్టుకోలేడు, వాడూ పట్టుకోలేడు.

ఈ పాత్ర వెనక ఒక సంగతుంది, తెలిసిన అభిమానులు పండగలా చెప్పుకుంటారు. 1937లో ‘ద హాబిట్’ మొదటిసారి అచ్చైనప్పుడు గోలమ్ ఇలాంటివాడు కాడు. పొడుపుకథల పందెంలో ఓడితే ఉంగరం బహుమతిగా ఇస్తానన్నాడు. ఓడి, తేవడానికి వెళ్లి, కనబడక, తిరిగొచ్చి, ఆ కథానాయకుడు బిల్బోకు పదేపదే క్షమాపణ చెప్పాడు. బదులుగా దారి చూపించి సాగనంపాడు. మాట తప్పని మనిషి! తర్వాత పెద్ద నవల రాస్తూ ఉంగరం లోతు తెలిసొచ్చాక, ఇవ్వగలిగిన గోలమ్ ఆ కథలో ఇమడలేదు. 1951 నాటి కూర్పులో టోల్కీన్ ఆ అధ్యాయం తిరగరాశాడు. ఇప్పుడు గోలమ్ ఉంగరం పందెం కాయడు. చంపి తినడానికి ఉంగరం తొడుక్కుందామని వెళతాడు, కనబడక దొంగ దొంగ అని ఏడుస్తాడు.

అంతటితో వదిలేస్తే అది రచయిత చేసుకున్న సర్దుబాటు. ఆయన వదల్లేదు. పాత కూర్పు ఎక్కడిది అంటే, బిల్బో తన జ్ఞాపకాల్లో రాసుకున్న అబద్ధం అని పెద్ద నవల ముందుమాటలో చెప్పాడు. ఉంగరం తనకు హక్కుగా వచ్చిందని, గెలుచుకున్న బహుమతి అని, బిల్బో అంతటి నిజాయితీపరుడు దొంగ దస్తావేజు పుట్టించాడు. మమకారం గురించి ఎన్నో ప్రవచనాలు విన్నాను. పుస్తకం రెండు కూర్పుల మధ్య ఇంత నిశ్శబ్దంగా దాన్ని పట్టి చూపినవాళ్లు ఇంకొకరు తారసపడలేదు. వస్తువు నాది అనుకున్నాక మొదట మారేది గతం. అది నా దగ్గరికి ఎలా వచ్చిందన్న కథను మనస్సు తనకు అనుకూలంగా తిరగరాసుకుంటుంది. పొలం గట్ల తగాదాలు చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

మరి ఆ వస్తువు మీద అంత ప్రేమ ఎక్కడిది? బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళుతూ మైత్రేయికి చెప్పింది ఇదే. భర్త, భార్య, కొడుకులు, ధనం — ఏది ప్రియమైనా దాని కోసం ప్రియం కాదు, ఆత్మ కోసమే ప్రియం. దీన్ని స్వార్థబోధగా చదివేవాళ్లున్నారు, అది పొరపాటు. ఉంగరంలో గోలమ్ చూసుకుంటున్న మెరుపు ఉంగరానిది కాదు, వాడిదే. చిలకలో కొట్టుకుంటున్నది చిలక ప్రాణం కాదు, ఫకీరుదే. పుస్తకంలో పొంగిన ఆనందం అచ్చు కాగితానిది కాదు, చదివినవాడిది. కాబట్టి ఇష్టమైన నవల మీద ఇంత వెర్రి ఏమిటని అభిమానిని నిలదీసే పండితుడు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఆ ఆనందం వెళ్లిన దారినే మళ్లీ ఇంటికి వస్తున్నదా, లేదా?

వస్తుందని మన ఆలంకారికులు నమ్మారు. సుమారు వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు రసానుభవానికి అడ్డుపడే విఘ్నాలు ఏడు లెక్క చెప్పాడు. మొదటిది, చూస్తున్నది నమ్మదగ్గదిగా తోచకపోవడం. సముద్రాలు దాటే కథలు చెప్పాలంటే రాముడివంటి ప్రసిద్ధ నాయకుణ్ణి పెట్టుకోవాలని ఆయన సలహా. శతాబ్దాలుగా నాటుకున్న నమ్మకం ఆ కథకు గట్టు కడుతుంది. 1939లో సెయింట్ ఆండ్రూస్‌లో అద్భుతకథల మీద ఉపన్యసించిన టోల్కీన్‌కు ఆ అవకాశం లేదు. ఆయన నాయకుణ్ణి ఎవరూ ఎరగరు. అందుకే భాషలు, వంశవృక్షాలు, పటాలు, పంచాంగాలు కట్టి లోపలి లోకం దానంతటది నిలిచేలా చేశాడు. ఇంకో విఘ్నం నాకు ఎక్కువ ముఖ్యం: చూస్తున్న సుఖదుఃఖాలను తనవనో పరాయివనో పట్టుకోవడం. రంగస్థలం మీది శోకం నా శోకమో, శత్రువు శోకమో, పక్కవాడి శోకమో అయితే అక్కడ రసం లేదు. ఎవరిదీ కానప్పుడే అది అందరిదీ అవుతుంది. సాధారణీకరణం అన్నది దాన్నే. చదువుతున్నంతసేపు నేను అన్నది చిన్న చట్రంలోంచి జారి, ఉంగరాన్ని మోసుకెళ్లే ఫ్రోడో నడకలో, అతని తోడు శామ్ ఆకలిలో, చివరికి గోలమ్ ఏడుపులో కూడా కూర్చుంటుంది. పుస్తకం మూసినప్పుడు అది తిరిగొస్తుంది, వెళ్లినప్పటి కన్నా కాస్త విశాలమై. ఫకీరు ప్రాణం మాత్రం వెళ్లిన చోటే బందీ. ఈ తేడాను పక్కనపెట్టి ఫ్యాంటసీని పలాయనం అనడం తొందరపాటు.

అలాగని పారాయణపరులంతా తరించారని నేననను. బైండు పుస్తకం ఎరువు ఇవ్వని ఇంటాయన్ని ఇందాకే చూశాం.

ఉంగరం ఏమీ చెయ్యలేకపోయినవాడు ఈ నవలలో ఒకడున్నాడు. టామ్ బాంబడిల్ అడగ్గానే ఫ్రోడో, తనకే ఆశ్చర్యం కలిగేలా, ఉంగరం తీసి ఇచ్చేస్తాడు. బాంబడిల్ దాన్ని కంటికి అడ్డంగా పెట్టి చూస్తాడు, చిటికెనవేలి కొసకు తొడుగుతాడు, మాయం కాడు, నవ్వుతాడు. గాల్లోకి విసిరి ఉంగరాన్నే మాయం చేసి, మళ్లీ తీసి వెనక్కి ఇస్తాడు. అప్పుడు ఫ్రోడోకు వచ్చింది భయం కాదు, చిరాకు. లోకమంతా వణికే వస్తువును ఈయన ఇంత తేలిగ్గా తీసుకున్నాడేమిటని! తర్వాత ఉంగరాన్ని ఏం చెయ్యాలన్న సభలో ఆయనకే ఇచ్చి దాచమందామా అని ఒకరంటే, ఇస్తే ఆయన మరిచిపోతాడు, లేదా ఎక్కడో పారేస్తాడు, అంతకన్నా పనికిరాని కాపలాదారు ఉండడు అంటాడు మాంత్రికుడు గాండాల్ఫ్. జీవన్ముక్తుడి లక్షణాలు గ్రంథాల్లో ఎన్ని చదివినా, ఈ లోపం లాంటి గుణం ఇంత సూటిగా తట్టలేదు. జ్ఞానికి లాకర్ తాళాలు అప్పగించలేం. 2001లో వచ్చిన సినిమా బాంబడిల్‌ను మొత్తంగా వదిలేసింది. కథ నడకకు అడ్డం అన్నారు. నిజమే, కథ నడిచేది చిలకలున్నవాళ్ల వల్లనే. అయినా నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

బాంబడిల్ మనకు అందని ఎత్తు. అందే ఎత్తులో ఉన్నది బిల్బో చేసిన ఒక పని. దాని పక్కన భాగవతంలోని భరతుణ్ణి నిలబెట్టి చూడాలని చాలాకాలంగా ఉంది. పంచమ స్కంధం కథ అది. తెలుగు భాగవతంలో ఆ స్కంధం పోతన చెప్పింది కాదు, గంగన చెప్పింది. రాజ్యం, కొడుకులు, సర్వం విడిచి గండకీ తీరాన తపస్సు చేసుకుంటున్న భరతుడి ఎదుట, సింహగర్జనకు బెదిరి ఏరు దూకబోయిన నిండుచూలాలు లేడి నీళ్లలో ఈని చచ్చిపోతుంది. కొట్టుకుపోతున్న కూనను ఆయన తీసి బతికించాడు. అక్కడిదాకా శుద్ధమైన కరుణ. తర్వాత మేత పెట్టడం, తోడేలు నుంచి కాయడం, ఒళ్లో పడుకోబెట్టడం. ఒకటొకటిగా నియమాలు జారాయి. కూన కాసేపు కనబడకపోతే ధనం పోయిన లోభిలా అల్లాడాడు. కన్నుమూసే వేళ దాన్నే చూస్తూ పోయి లేడిగా పుట్టాడు. రాజ్యం వదిలినవాడు లేడికూనలో చిక్కాడు. చిలకకూ లేడికీ ఏమంత దూరం లేదు.

మరి బిల్బోదీ కరుణే కదా? ఉంగరం తొడుక్కుని కనబడకుండా నిలబడి ఉన్నాడు. చేతిలో కత్తి. దారికి అడ్డంగా గోలమ్, ఆయుధం లేదు. పొడిచేస్తే పని అయిపోతుంది. ఆ క్షణంలో వాడి బతుకు మొత్తం — వెలుతురు లేని, ఆశ లేని, లెక్క లేని రోజులు — బిల్బో కళ్లముందు మెరిసింది. పొడవలేదు. వాడి తల మీదుగా దూకి వెళ్లిపోయాడు.

ఆ వెళ్లిపోవడంలోనే ఉంది తేడా అంతా. వాడిని తన లోపల చూశాడు, చూసి తనవాడిగా చేసుకోలేదు. భరతుడి కరుణ దయగా మొదలై నాది అన్న గూట్లో వాలింది. బిల్బో కరుణ వాలకుండా ఎగిరిపోయింది. అందుకే మొదటిది ఇంకో జన్మ ఇచ్చింది, రెండోది లోకాన్ని కాచింది. భరతుణ్ణి తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. లేడి జన్మలో కూడా ఆయనకు స్మృతి పోలేదు. తల్లిలేడిని విడిచి, ఎండుటాకులు మేస్తూ మళ్లీ ఆ తపోవనానికే నడిచి వచ్చాడు. చిక్కుకున్న చోటు గుర్తున్నవాడికే తిరిగి రావడం సాధ్యం.

చివరికి ఉంగరాన్ని పడేయవలసిన అగ్నిపర్వతం గుండం అంచున ఏం జరిగిందో చదివినవాళ్లందరికీ తెలుసు. ఫ్రోడో ఉంగరాన్ని విసరలేకపోయాడు. నాదే అన్నాడు, తొడుక్కున్నాడు. బిల్బో ఆనాడు చంపకుండా వదిలిన గోలమ్ వచ్చి వేలు కొరికి ఉంగరం లాక్కుని, ఆనందంతో గెంతుతూ కాలు జారి గుండంలో పడ్డాడు. ఈ ముగింపు మింగుడుపడనివాళ్లు చాలామంది. ఫ్రోడోకు దేశద్రోహిగా మరణశిక్ష వేయాల్సిందని మండిపడుతూ ఒకరు తనకు ఉత్తరం రాసిన సంగతి టోల్కీన్ తర్వాత తన జాబులో చెప్పుకున్నాడు. ఆయన జవాబు సారం ఇది: ఆ అంచున నిలబడి ఎవరూ గెలవలేరు; తన శక్తి ఆఖరి చుక్క దాకా ఖర్చు చేసినవాడికి, తాను చూపిన దయే చివర అడ్డం వచ్చి నిలబడింది. శ్రీవైష్ణవులు ప్రపత్తి, అంటే శరణాగతి, గురించి వాదించుకున్నప్పుడు కోతిపిల్ల తల్లిని పట్టుకుంటుందనీ, పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోతుందనీ చెప్పిన రెండు దారులూ ఆ ఒక్క కొండ మీదే ఉన్నాయి. అంచు దాకా కోతిపిల్లలా వచ్చాడు ఫ్రోడో. ఆ పైన కూడా తన పట్టుతోనే గెలవాలని కోరింది మనం.

ఉత్తరం రాసిన ఆ మనిషి పుస్తకం మీద ప్రేమ లేనివాడు కాడు. ప్రేమ లేనివాళ్లు అంత కోపంతో ఉత్తరాలు రాయరు. వెయ్యి పేజీలు ఫ్రోడోతో నడిచి, మచ్చలేని ఫ్రోడోలో తన ప్రాణం పెట్టుకున్నాడు. ఫ్రోడో విరిగినప్పుడు తన రెక్క విరిగింది. చావును పంచిపెట్టడానికి అంత తొందరపడవద్దని గాండాల్ఫ్ మొదట్లోనే అన్న మాట చదివి కూడా, చివర మరణశిక్ష అడిగాడు. కోపం చల్లారాక నవల మళ్లీ తెరిచాడో లేదో. తెరిచి ఉంటే, ఇంటికి తిరిగొచ్చిన ఫ్రోడో తన ఊరి పోరాటంలో కత్తి దూయని సంగతి, తనను పొడవబోయిన సారుమాన్‌ను సైతం చంపవద్దని మిగతావాళ్లను ఆపిన సంగతి ఈసారి కంటపడి ఉంటాయి. మొదట్లో గోలమ్ లాంటివాడికి చావే తగినదని గాండాల్ఫ్‌తో వాదించినవాడు కూడా ఈ ఫ్రోడోయే.